తక్కువ ఖర్చులో ఆర్కెస్ట్రా: శాంపిల్ లైబ్రరీని ఎంచుకునే పద్ధతి

పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రాలో సాధారణంగా డెబ్బై నుంచి వంద మంది దాకా వాద్యకారులు ఉంటారు. వారందరినీ ఒకచోట చేర్చి, ఎవరి స్వరలిపి వారికి పంచి, తగిన హాలు అద్దెకు తీసుకొని రికార్డు చేయించడం పెద్ద సినిమాలకే భారమైనప్పుడు, షార్ట్ ఫిల్మ్‌కు నేపథ్య సంగీతం సమకూర్చే యువ స్వరకర్తకు అది అందే విషయం కాదు. ఈ లోటు తీర్చడానికి పుట్టినదే శాంపిల్ లైబ్రరీ. ఒక వాద్యకారుడు గానీ వాద్యబృందం గానీ ఒక్కొక్క స్వరాన్ని విడివిడిగా వాయిస్తుండగా రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దఖండాలను శాంపిల్స్ అంటారు. అటువంటి వేలాది ఖండాలను వరుసలో అమర్చి, కీబోర్డు మీద మెట్టు నొక్కగానే వాటిలో సరైనది పలికేలా చేసే సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మే సరుకును శాంపిల్ లైబ్రరీ అంటారు. దీనిని విడిగా వాడే సందర్భాలు తక్కువ. స్వరాలను నమోదు చేసి, సవరించి, మిక్స్ చేసే ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో, అంటే వాడుకలో ‘డా’ అని పిలిచే డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్‌లో, ఒక్కో ట్రాక్ మీద ఒక్కో వాద్యంగా దీనిని తెరుస్తారు.

ఉచితంగా దొరికే లైబ్రరీ నుంచి లక్ష రూపాయలు దాటే లైబ్రరీ దాకా అన్నీ ఆర్కెస్ట్రా అన్న పేరుతోనే అమ్ముడవుతున్నందువల్ల, ధరలో ఉన్న ఈ తేడా శబ్దంలో కూడా అదే నిష్పత్తిలో ఉంటుందని కొత్తవారు అనుకోవడం సహజం. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఒక లెక్క వేసి చూస్తే ఈ అభిప్రాయం చాలావరకు సడలుతుంది.

మొదటి వయొలిన్ల విభాగాన్ని మాత్రమే తీసుకుందాం. దాని స్వరాల పరిధి సుమారు 44 అర్ధస్వరాలు. ఒకటి విడిచి ఒకటి రికార్డు చేసి, మధ్యవాటిని సాఫ్ట్‌వేర్ చేత సాగదీయిస్తే 22 స్వరాలు చాలు. ప్రతి స్వరాన్నీ మెత్తగా మొదలుపెట్టి గట్టిగా వాయించే దాకా నాలుగు స్థాయిలలో, ఒక్కో స్థాయిలో నాలుగేసి సార్లు, అయిదు రకాల వాదన పద్ధతులలో, నాలుగు చోట్ల మైకులు పెట్టి రికార్డు చేస్తే మొత్తం 7,040 శబ్దఖండాలు అవుతాయి. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 24 బిట్ల స్టీరియోలో, ఒక్క సెకను శబ్దానికి 2,88,000 బైట్లు పడతాయి గనుక, ఖండం సగటు నిడివి నాలుగు సెకన్లు అనుకుంటే ఈ ఒక్క విభాగానికే సుమారు 8 జీబీ కావాలి. అదే విభాగాన్ని రెండు స్థాయిలు, రెండేసి సార్లు, మూడు వాదన పద్ధతులు, ఒకే మైకు అన్న పరిమితులతో రికార్డు చేస్తే 264 ఖండాలతో, 300 ఎంబీ దగ్గర పని ముగుస్తుంది. రెండు చోట్లా వాయించినవారు ఒకే వాద్యకారులు, హాలు ఒకటే, వయొలిన్లు అవే. తగ్గింది వైవిధ్యం. కనుక ఎక్కువ ధర పెట్టేవారు కొనేది ప్రధానంగా ఈ వైవిధ్యాన్నే. అందులో తన సంగీతానికి అవసరమైన భాగం ఎంత అని అడగడమే తెలివైన కొనుగోలుకు తొలి మెట్టు.

చౌకైన లైబ్రరీలు ఇప్పుడింత నాణ్యంగా ఎందుకు దొరుకుతున్నాయో తెలియడానికి కొంత చరిత్ర అవసరం. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలోట్రాన్ వాద్యంలో ఒక్కో మెట్టు కింద సుమారు ఎనిమిది సెకన్ల నిడివి గల టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ఆ టేపు తిరిగి, అది అయిపోగానే స్వరం ఆగిపోయేది. 1979లో సిడ్నీ నుంచి వచ్చిన ఫెయిర్‌లైట్ టేపు స్థానంలో డిజిటల్ మెమరీని తెచ్చినా, ఆనాటి మెమరీ ధరల వల్ల అది సంపన్నుల స్టూడియోలకే పరిమితమైంది. నిజమైన మలుపు 1998లో గిగాశాంపిలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ప్రతి శబ్దఖండంలోని తొలి తునకను మాత్రమే ర్యామ్‌లో ఉంచి, మెట్టు నొక్కిన తరువాత మిగతా భాగాన్ని హార్డ్ డిస్క్ నుంచి అప్పటికప్పుడు చదివించుకునే పద్ధతిని అది ప్రవేశపెట్టడంతో, లైబ్రరీ పరిమాణానికి ర్యామ్ హద్దు కాకుండా పోయింది. 2002 నుంచి హెర్బ్ టుక్‌మాండ్ల్ స్థాపించిన వియన్నా సింఫానిక్ లైబ్రరీ ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకొని భారీ సంకలనాలను వెలువరించగా, 2004లో వచ్చిన గారిటన్ పర్సనల్ ఆర్కెస్ట్రా వ్యతిరేక దిశలో నడిచి, విద్యార్థి కూడా భరించగల ధరకు మొత్తం ఆర్కెస్ట్రాను అందించింది. ఈనాటి మార్కెట్‌లో కనిపించే రెండు ధోరణులూ అప్పుడే మొదలయ్యాయి.

ఒకే ఆర్కెస్ట్రా, మూడు పరిమాణాలు

ధరకూ వైవిధ్యానికీ ఉన్న సంబంధాన్ని చూపడానికి లండన్‌లోని స్పిట్‌ఫైర్ ఆడియో సంస్థ వెలువరించిన బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. బీబీసీ సింఫనీ వాద్యకారులను అప్పట్లో వారి సొంత గూడైన మైడా వేల్ స్టూడియోలో రికార్డు చేసి 2019లో దీనిని విడుదల చేశారు. మరుసటి ఏడాది అదే ధ్వనిసామగ్రిని మూడు రూపాలుగా విభజించారు: ప్రొఫెషనల్ సుమారు 600 జీబీ, కోర్ దానిలో చిన్న భాగం, డిస్కవర్ దాదాపు 200 ఎంబీ. డిస్కవర్ తొలిరోజుల్లో 49 డాలర్లకు వెంటనే దొరికేది, లేదా ఒక ప్రశ్నావళి నింపి రెండు వారాలు ఆగగలిగితే ఉచితంగా వచ్చేది. ఆ తరువాత సంస్థ దానిని ఉచితమే చేసింది.

డిస్కవర్‌లో మొత్తం 33 వాద్యాలూ వాద్యవిభాగాలూ, వాటికి 47 వాదన పద్ధతులూ ఉన్నాయి. తీగవాద్యాల విభాగాలకు నాలుగు పద్ధతులు మాత్రమే ఇచ్చారు: విల్లును నిడివిగా లాగే లాంగ్, విల్లును తీగ మీద ఎగిరించే స్పికాటో, తీగను వేలితో మీటే పిజ్జికాటో, విల్లును వేగంగా వణికించే ట్రెమొలో. ఈ నాలుగింటితో సినిమా నేపథ్య సంగీతంలో సగానికి పైగా రాయవచ్చు. ఇందులో లేనిది లెగాటో. అంటే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి విల్లు ఆపకుండా జారిపోయే చోట వినిపించే అతుకు. కోర్ రూపంలో అది చేరుతుంది. ప్రొఫెషనల్‌లో చేరేవి ఎక్కువగా మైకుల స్థానాలు, ఏకవాద్యకారులు, అరుదైన వాదన పద్ధతులు. వీటిలో మైకుల స్థానాలు పెద్ద స్క్రీన్‌కు సరౌండ్‌లో మిక్స్ చేసేవారికి ముఖ్యమైనవే గాని, ఇయర్‌ఫోన్లలో వినే శ్రోత కోసం రెండు ఛానళ్లలో మిక్స్ చేసే స్వరకర్త ఆ 600 జీబీలో అధిక భాగాన్ని డిస్కులో మోయడం తప్ప వినడు.

ఈ ఉదాహరణలో గమనించదగిన మరో విశేషం, డిస్కవర్‌లో రాసిన ప్రాజెక్టును తరువాత కోర్‌లో గానీ ప్రొఫెషనల్‌లో గానీ తెరిచే వీలు. చిన్నదానితో మొదలుపెట్టినవారి పని వృథా కాదన్న ఈ హామీ, కొనుగోలుదారుడు ఏ లైబ్రరీలోనైనా వెతకవలసిన గుణం.

ఇతర సంస్థలూ దాదాపు ఇదే దారి పట్టాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రాజెక్ట్‌శామ్ తన పెద్ద లైబ్రరీల నుంచి ఏరిన భాగాలతో ‘ది ఫ్రీ ఆర్కెస్ట్రా’ ఇస్తోంది. బెర్లిన్‌లోని టెల్డెక్స్ స్టూడియోలో రికార్డు చేసే ఆర్కెస్ట్రల్ టూల్స్ తన పెద్ద సంకలనాలలో చాలావాటి నుంచి ఒక్క ఓబోనో ఒక్క ఫ్రెంచ్ హార్న్‌నో విడిగా కొనుక్కునే వీలు కల్పించింది. మొత్తం ఊరు కొనకుండా ఒక ఇల్లు కొన్నట్టు, మిగిలిన ఆర్కెస్ట్రా ఉచిత లైబ్రరీలతో నడుపుకుంటూ కొరత ఉన్న వాద్యం ఒక్కదాని మీదే ఖర్చు పెట్టాలనుకునేవారికి ఇది సరిపోతుంది. స్వరలిపి రాయడం అలవాటున్నవారికి 2022 చివరలో వచ్చిన మ్యూజ్‌స్కోర్ 4, దానితోపాటు వచ్చే మ్యూజ్ సౌండ్స్ రెండూ ఉచితం; కీబోర్డు మీది చక్రాలు తిప్పే పని లేకుండా, లిపిలో రాసిన గుర్తులను బట్టి సాఫ్ట్‌వేర్ తానే వాదన పద్ధతులను మార్చుకుంటుంది. వర్సిలియన్ స్టూడియోస్ వారి వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్, వర్చువల్ ప్లేయింగ్ ఆర్కెస్ట్రా వంటివి శబ్దంలో కొంత గరుకుగా ఉన్నా, ప్లోగ్ సంస్థ ఇచ్చే స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్‌లో, పాత కంప్యూటర్ల మీద కూడా, ఇబ్బంది లేకుండా నడుస్తాయి.

చెవితో పరీక్షించవలసినవి

సంస్థలు విడుదల చేసే డెమో సంగీతాన్ని బట్టి లైబ్రరీని అంచనా వేయడం దుకాణంలో దీపాల వెలుగులో చీర రంగు ఎంచుకోవడం లాంటిది. డెమోలు రాసేవారు ఆ పనిలో ఆరితేరిన ప్రోగ్రామర్లు. పైగా వారు ఆ లైబ్రరీ బలహీనతలు బయటపడే స్వరాలను రాయనే రాయరు. అందువల్ల అదనపు రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) గానీ, ఇతర వాద్యాలు గానీ కలపకుండా ఒక్కో వాద్యాన్ని విడిగా వాయించి చూపే వీడియోలనే ఆధారం చేసుకోవడం మేలు. ట్రయల్ దొరికితే ఈ కింది పరీక్షలను స్వయంగా చేసుకోవచ్చు.

మొదటిది, ఒకే స్వరాన్ని స్పికాటోలో వరుసగా ఎనిమిది సార్లు, నిమిషానికి 120 మాత్రల వేగంతో, మాత్రకు రెండు చొప్పున వాయించడం. నిజమైన వాద్యకారుడి చేతిలో ఏ రెండు విల్లు దెబ్బలూ ఒకేలా ఉండవు. సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ అదే ఖండాన్ని పలికిస్తే చెవికి మర తుపాకీ పేలినట్టు వినిపిస్తుంది. దీనిని తప్పించడానికి ఒకే స్వరానికి పలు రికార్డింగులు ఉంచి వంతులవారీగా పలికించే పద్ధతిని రౌండ్ రాబిన్ అంటారు. వేగమైన లయ రాసేవారికి ఇది తప్పనిసరి కాగా, నిదానమైన, సాగే సంగీతం రాసేవారికి దాదాపు అవసరమే ఉండదు.

రెండవ పరీక్ష ఇంకా ముఖ్యమైనది. ఒక దీర్ఘస్వరాన్ని పట్టుకొని మాడ్ వీల్‌ను, అంటే కీబోర్డు ఎడమ పక్కన ఉండే చక్రాన్ని, కింది నుంచి పై దాకా నెమ్మదిగా తిప్పాలి. కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం పంపడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఈ చక్రానికి సీసీ1 అనే సంఖ్య ఇచ్చి, దాని కదలికను 0 నుంచి 127 దాకా అంకెలలో పంపుతుంది. మంచి ఆర్కెస్ట్రా లైబ్రరీలో అది శబ్దం పరిమాణాన్నే కాక, మెత్తటి రికార్డింగు నుంచి గట్టి రికార్డింగుకు క్రమంగా మారుస్తూ స్వభావాన్నీ మారుస్తుంది. ఫ్రెంచ్ హార్న్ విషయంలో ఈ తేడా మరీ స్పష్టం: మెల్లగా ఊదినప్పుడు ముసుగు వేసినట్టుండే ధ్వని, గట్టిగా ఊదేసరికి ఇత్తడి మెరుపుతో చీల్చుకొస్తుంది. చక్రం మధ్యకు వచ్చేసరికి గుటుక్కున మరో వాద్యంలోకి దూకినట్టు వినిపిస్తే అందులో స్థాయిలు తక్కువనీ, అవి కలిసే చోట పని సరిగ్గా జరగలేదనీ అర్థం. ఎంత ఖరీదైన లైబ్రరీనైనా ఈ చక్రం ముట్టకుండా వాయిస్తే హార్మోనియం బెలోస్ ఒకే ఒత్తిడితో తోసినట్టే ఉంటుంది. ఇంట్లో చేసిన ఆర్కెస్ట్రా కృత్రిమంగా ఉందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ శాతానికి లైబ్రరీ చౌకతనం కంటే ఈ చక్రం కదలకపోవడమే కారణమనడం అతిశయోక్తి కాదు.

మూడవది లెగాటో పరీక్ష: షడ్జం నుంచి మధ్యమానికి, అక్కడి నుంచి పంచమానికి నిదానంగా కలిపి వాయించి అతుకు వినాలి. ఇక్కడ ఒక సాంకేతిక చిక్కుంది. అతుకు శబ్దం వినిపించడానికి కొంత వ్యవధి కావాలి గనుక, కొన్ని లైబ్రరీలలో మెట్టు నొక్కిన తరువాత అసలు స్వరం స్థిరపడడానికి 100 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఆ ట్రాక్‌ను ‘డా’లో అంతమేరకు ముందుకు జరపకపోతే ఆర్కెస్ట్రా అంతా తాళం వెనుక ఈడ్చుకుపోతున్నట్టుంటుంది. ఈ సంగతి తెలియక లైబ్రరీనే తిట్టుకునేవారు తక్కువేమీ కాదు.

బృందం పరిమాణం కూడా వినవలసినదే. బీబీసీ లైబ్రరీ వంటి సింఫనీ స్థాయి తీగవాద్యాలలో 16 మంది మొదటి వయొలిన్లు, 14 మంది రెండవ వయొలిన్లు, 12 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బాస్‌లు కలిసి 60 మంది ఉంటారు. అదే సంస్థ ఛాంబర్ స్ట్రింగ్స్‌లో మొదటి వయొలిన్లు నలుగురు, మిగతా నాలుగు విభాగాలలో ముగ్గురేసి చొప్పున మొత్తం 16 మందే. సింఫనీ స్థాయి మొదటి వయొలిన్ల ఖండంతో మూడు స్వరాల కార్డ్ నొక్కితే అక్కడ 48 వయొలిన్లు మోగుతున్నట్టు లెక్క. దట్టమైన కార్డులు రాసే అలవాటున్నవారికి పెద్ద బృందం బురదలా అనిపించి, ఆ తప్పు మిక్సింగ్‌దని భ్రమ కలుగుతుంది. చిన్న బృందం చౌకగా దొరకడమే కాక, అటువంటివారికి ఎక్కువ స్పష్టంగా కూడా ఉంటుంది.

చివరగా హాలు. మైడా వేల్, టెల్డెక్స్, లండన్‌లో పాత చర్చిని స్టూడియోగా మార్చిన ఎయిర్ లిండ్‌హర్స్ట్ వంటి చోట్ల రికార్డైన లైబ్రరీలలో ఆ గదుల ప్రతిధ్వని శబ్దంలోనే కలిసిపోయి ఉంటుంది. దానిని తడి శబ్దం అంటారు. ప్రతిధ్వని దాదాపు లేకుండా రికార్డు చేసినది పొడి శబ్దం. పొడిదానికి రివర్బ్ అద్ది ఏ గదిలోనైనా కూర్చోబెట్టవచ్చు గాని, తడిదాన్ని పూర్తిగా ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు. రెండు మూడు సంస్థల చౌక లైబ్రరీలను కలిపి వాడదలచినవారు, పడకగదిలో రికార్డు చేసిన నిజమైన వాద్యాన్ని వాటి మధ్య ఇమడ్చదలచినవారు పొడి శబ్దం వైపు మొగ్గడమే ఆచరణలో సులువు.

ధర చీటీ మీద కనిపించని ఖర్చులు

అన్నిటికంటే ఎక్కువమంది చిక్కుకునే వల ప్లేయర్ విషయంలో ఉంది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాంటాక్ట్ సాఫ్ట్‌వేర్ రెండు రూపాలలో వస్తుంది: ఉచితమైన కాంటాక్ట్ ప్లేయర్, డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్. ప్లేయర్ కోసం లైసెన్సు తీసుకున్న లైబ్రరీలు ఉచిత రూపంలో హాయిగా నడుస్తాయి. చిన్న సంస్థలు అమ్మే చాలా లైబ్రరీలకు పూర్తి కాంటాక్ట్ కావాలి. వాటిని ఉచిత ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాలకు శబ్దం ఆగిపోతుంది. ముప్ఫై డాలర్లకు దొరికిందని సంబరపడిన లైబ్రరీ, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ ధరతో కలిపి చూసేసరికి వందల డాలర్లకు చేరవచ్చు. కొనుగోలు పేజీలో ‘ఫుల్ వెర్షన్ ఆఫ్ కాంటాక్ట్’ అన్న మాట ఉందో లేదో చూడడం ఒక్క నిమిషం పని.

కంప్యూటర్ ఖర్చు రెండవది. శబ్దఖండాలు డిస్కు నుంచి అప్పటికప్పుడు చదవబడతాయి గనుక పాత హార్డ్ డిస్కు మీద నలభై ట్రాకుల ఆర్కెస్ట్రా చిటపటలాడుతుంది. 16 జీబీ ర్యామ్, లైబ్రరీల కోసం విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే మధ్యస్థాయి లైబ్రరీలకు సరిపోతుంది. కొత్త లైబ్రరీ కొనాలా, ఎస్‌ఎస్‌డీ కొనాలా అన్న మీమాంస వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డీకే ఓటు వేయడం ఉత్తమం, ఎందుకంటే అది ఉన్న లైబ్రరీలన్నిటినీ ఒకేసారి బాగుచేస్తుంది. డౌన్‌లోడ్ కాలమూ తక్కువేమీ కాదు: 100 ఎంబీపీఎస్ వేగం నిలకడగా ఉన్నా 600 జీబీ దిగడానికి పదమూడు గంటలకు పైగా పడుతుంది, నెలవారీ డేటా పరిమితి ఉన్న ఇళ్లలో అది ఇంకో లెక్క.

ధరలు డాలర్లలోనో పౌండ్లలోనో యూరోలలోనో ఉంటాయి కాబట్టి, కార్డు సంస్థ వేసే విదేశీ మారక రుసుమునూ, వర్తించే చోట జీఎస్‌టీనీ కలుపుకొని రూపాయలలో అంచనా వేసుకోవాలి. ఈ రంగంలో పూర్తి ధరకు కొనడం దాదాపు అవివేకం. నవంబరు నెలాఖరులో వచ్చే బ్లాక్ ఫ్రైడే సమయంలో చాలా సంస్థలు ముప్ఫై నుంచి యాభై శాతం దాకా తగ్గిస్తాయి. విద్యార్థులకూ అధ్యాపకులకూ ఏడాది పొడవునా రాయితీ ఇచ్చేవీ ఉన్నాయి. అయితే రాయితీ చూసి కొన్న లైబ్రరీని తరువాత నచ్చలేదని వేరొకరికి అమ్ముకోవడం చాలావరకు కుదరదు. కొన్నది వాడుకునే హక్కు మాత్రమేననీ, ఆ హక్కు బదిలీ కాదనీ లైసెన్సు పత్రాలలో రాసి ఉంటుంది. ఈ కారణంగా సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొన్నంత ధైర్యంగా లైబ్రరీ కొనరాదు.

నెలసరి చందా మరొక మార్గం. ఈస్ట్‌వెస్ట్ వారి కంపోజర్‌క్లౌడ్ సుమారు 20 డాలర్ల నెలసరి రుసుముకు హాలీవుడ్ ఆర్కెస్ట్రాతో సహా ఆ సంస్థ లైబ్రరీలలో అధిక భాగాన్ని వాడుకోనిస్తుంది. ఒక సినిమా రీరికార్డింగ్ రెండు నెలలలో ముగించవలసినవారికి ఇంతకంటే చౌక బేరం లేదు. ఏడాదుల తరబడి నెమ్మదిగా నేర్చుకునే విద్యార్థికి మాత్రం మూడేళ్ల చందా ఒక మంచి లైబ్రరీ ధరను దాటుతుంది, చందా ఆపిన రోజు నుంచి పాత ప్రాజెక్టులలోని ఆ ట్రాకులు మూగబోతాయి. చందాదారులు ప్రతి ప్రాజెక్టునూ ముగించిన వెంటనే ఒక్కో వాద్యాన్ని విడి ఆడియో ఫైళ్లుగా, స్టూడియో భాషలో స్టెమ్స్‌గా, బౌన్స్ చేసి దాచుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఉచిత లైబ్రరీల విషయంలో చదవవలసింది ధర కాదు, లైసెన్సు. వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్‌ను సీసీ0 పద్ధతిలో, అంటే హక్కులన్నీ వదులుకొని, విడుదల చేశారు. సొనాటినా సింఫానిక్ ఆర్కెస్ట్రా క్రియేటివ్ కామన్స్ శాంప్లింగ్ ప్లస్ షరతులతో వచ్చింది. మరికొన్ని వ్యాపారేతర వాడుకకు మాత్రమే అనుమతిస్తాయి. సినిమాకు గానీ ప్రకటనకు గానీ పారితోషికం తీసుకొని పనిచేసేవారు ఈ తేడాను ముందే చూసుకోవాలి. మన దగ్గర చేతులు మారే దొంగ కాపీల సంగతి ఇందులో కలిపి చెప్పనవసరం లేదనిపించినా, ఒక్క మాట: నాణ్యమైన ఉచిత ఆర్కెస్ట్రాలు ఇన్ని ఉన్న కాలంలో, వైరస్‌తో కలిసి వచ్చే క్రాక్ కోసం స్టూడియో కంప్యూటర్‌ను పణంగా పెట్టడానికి పేదరికం ఇక సాకు కాజాలదు. ఒకే సిద్ధ వాక్యాలను, అంటే ముందే వాయించి పెట్టిన స్వరసముదాయాలను, అందరికీ ఇచ్చే లైబ్రరీలతోనూ జాగ్రత్త అవసరం. అదే వాక్యం వేరొకరి పాటలో ఉంటే యూట్యూబ్ హక్కుల వ్యవస్థ పొరబడి అభ్యంతరం పెట్టే అవకాశం ఉంది.

గమకం దగ్గర లైబ్రరీ హద్దు

తెలుగు స్వరకర్తకు ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఈ లైబ్రరీలన్నీ పాశ్చాత్య వాదన సంప్రదాయంలో రికార్డైనవి. వాటి లెగాటో రెండు స్థిరస్వరాల మధ్య అతుకు మాత్రమే. తోడి రాగంలో గాంధారం ఒక స్థానంలో నిలవకుండా ఊగే తీరును గానీ, జారును గానీ అది ఎరుగదు. ఆ ఊపును మెట్లు వేగంగా నొక్కి సాధించబోతే ప్రతి మెట్టుకూ ఒక అతుకు శబ్దం తోడై, గమకం కాస్తా హడావుడి పరుగుగా మారుతుంది. పిచ్ బెండ్ చక్రంతో లాగితే పదహారు వయొలిన్ల శబ్దం మొత్తం ఒక్కసారిగా సాగి, గొంతు మార్చిన టేపులా వినిపిస్తుంది. కొన్ని లైబ్రరీలలో ఆ చక్రం పనిచేయనే చేయదు. ఖరీదు పెంచినంత మాత్రాన ఈ సమస్య తీరదు గనుక, దీనికోసం పెద్ద లైబ్రరీ కొనడం డబ్బు దండగ.

దీనికి పరిష్కారం ఊళ్లోనే ఉంది. విజయనగరంలో 1919లో వెలిసిన మహారాజా సంగీత కళాశాల మొదలుకొని ఉభయ తెలుగు రాష్ట్రాలలోని సంగీత కళాశాలలు కర్ణాటక వయొలిన్ విద్వాంసులను తయారు చేస్తూనే ఉన్నాయి. లైబ్రరీలోని వయొలిన్ల బృందం చేత గమకం లేని ఆధార స్వరాలనూ కార్డులనూ పలికించి, గమకంతో కూడిన ప్రధాన స్వరాన్ని ఒక విద్వాంసుని చేత గానీ పై తరగతి విద్యార్థి చేత గానీ వాయింపజేసి దాని మీద కలిపితే, ఆ ఒక్క వయొలిన్ వెనుక ఉన్న శాంపిల్ బృందమంతా సజీవమైనట్టు చెవికి తోస్తుంది. పాశ్చాత్య స్టూడియోలలో సైతం శాంపిల్ తీగవాద్యాల మీద ఒకటి రెండు నిజమైన వాద్యాలను పరచడం పాత ఉపాయమే. అయితే వాద్యకారుడు తన శ్రుతికి వయొలిన్ సర్దుకుంటాడు గనుక, రికార్డింగుకు ముందే లైబ్రరీ ట్యూనింగ్‌ను, పాట శ్రుతిని అతనికి చెప్పి, తంబురా బదులు లైబ్రరీ చెల్లోల ఆధార షడ్జాన్నే హెడ్‌ఫోన్‌లో వినిపించడం మంచిది. ఒక పూట రికార్డింగుకు అతనికిచ్చే పారితోషికం చాలాసార్లు ఒక మధ్యస్థాయి లైబ్రరీ ధర కంటే తక్కువే అవుతుంది.

ఈ విషయాలన్నీ దృష్టిలో ఉంచుకొని చూస్తే ఖర్చుకు ఒక క్రమం తానుగా ఏర్పడుతుంది. మొదట ఒక ఉచిత ఆర్కెస్ట్రా, దానితోపాటు మాడ్ వీల్ ఉన్న చిన్న కీబోర్డు. వాటితో కనీసం మూడు నాలుగు పూర్తి రచనలు ముగిసేదాకా ఏదీ కొనకుండా ఉండడం. ఆ రచనలలో పదే పదే ఏ చోట శబ్దం తేలిపోతోందో అదే తరువాతి కొనుగోలును నిర్ణయిస్తుంది. ఆ చోటు చాలామందికి తీగవాద్యాల లెగాటోయే అవుతుంది, ఎందుకంటే టింపని, సింబల్స్ వంటి తాళవాద్యాలూ, హార్ప్, సెలెస్టా వంటివీ ఒక్కసారి మోగి సహజంగా వాడిపోయే శబ్దాలు గనుక ఉచిత లైబ్రరీలలో కూడా దాదాపు నిజమైనవాటిలాగే ఉంటాయి. ఏకవాద్య ఓబో, క్లారినెట్ మధ్యలో నిలుస్తాయి. కాబట్టి డబ్బంతా ఒకే చోట పెట్టవలసి వస్తే లెగాటో ఉన్న ఒక తీగవాద్యాల లైబ్రరీ మీద పెట్టి, ఇత్తడి వాద్యాలను దాని తరువాతి ఏడాది బ్లాక్ ఫ్రైడేకు వాయిదా వేయవచ్చు. తాళవాద్యాలకు విడిగా ఖర్చు పెట్టవలసిన అవసరం చాలామందికి ఎప్పటికీ రాదు.